దారిబత్తెం

ప్రయాణానికి బయలుదేరేవాడు వెంట కట్టుకొనిపోయే తిండికి మన తెలుగులో దారిబత్తెమని పేరు. సంస్కృతంలో దానిని పాథేయమంటారు. మన కళాశాలలో తెలుగు తరగతికి ప్రక్క గది ఉర్దూ తరగతి. ఆ గోడకు అటువైపు దీనినే తోషా అంటారు, ఇంకొంచెం గ్రంథస్థమైన భాషలో జాదెరాహ్ అంటారు. మాట ఏదైనా వినగానే మనకు చద్దిమూటో, పులిహోర పొట్లమో, గుడ్డలో చుట్టిన రొట్టెలో స్ఫురిస్తాయి. మనిషిని మోసే బండికి కూడ బత్తెం కావాలన్న సంగతి స్ఫురించదు.

పూర్వం ఎద్దుబండ్ల వారికి ఈ మరపు ఉండేది కాదు. బండి క్రింద వేలాడగట్టిన వలలో ఎద్దులకు వరిగడ్డి, ప్రక్కన ఉలవల సంచి, ఇరుసుకు పూయడానికి కందెన. ఇవి సర్దిన తరువాతనే మనిషి తన మూట సర్దుకొనేవాడు. అయితే ఎద్దుకు ఒక సౌలభ్యం ఉంది. బత్తెం అయిపోతే దారి ప్రక్కన ఇంత పచ్చిక కొరుక్కొంటుంది. ఇంజను కొరుక్కోలేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే జర్మన్ ఇల్లాలు తన భర్త తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. నూరు కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణాన్ని లోకంలో మొదటి దూరపు మోటారు ప్రయాణంగా చెప్పుకొంటారు. దారిలో ఇంధనం చాలక వీస్లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణానికి వెళ్ళి, మరకలు పోగొట్టడానికి అమ్మే ద్రవాన్ని కొని బండిలో పోయవలసి వచ్చిందట. మోటారు ప్రయాణపు మొట్టమొదటి కథలోనే ఇంధనం వెదకులాట ఉన్నదన్న మాట.

నూజివీడు వాళ్ళకు ఈ విషయం మీద అభిమానం ఉండడంలో ఆశ్చర్యం లేదు. 2022 ఏప్రిల్‌లో మా ఊరు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా మారినా కాయ మారలేదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, కలెక్టరు కాయ అనబడే తోతాపురి: ఆగిరిపల్లి, చాట్రాయి, ముసునూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెం, ఎటు చూసినా తోటలే. వేసవి రెండు నెలలూ మా ఊరు లారీల ఊరు. నూజివీడు పేరు పెట్టుకొన్న రైల్వే స్టేషను ఒకటి ఉంది గాని, అది ఊరికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. క్రొత్తగా వచ్చినవారు దిగి, “ఊరేది?” అని అడగడం మాకు పాత హాస్యమే. కనుక తోటలో కోసిన కాయ ఢిల్లీకి చేరాలంటే మా వారికి లారీయే దిక్కు అయింది. మన బంగినపల్లిని ఢిల్లీ బజారులో సఫేదా అంటారు. పేరు మార్చుకొని అమ్ముడుపోయే ఆ కాయ నూజివీడు నుండి ఢిల్లీకి సుమారు 1,800 కిలోమీటర్లు నడవాలి.

మా నాన్నగారు పాతిక సంవత్సరాలు ఆ దారిలో లారీ నడిపారు. లీటరుకు నాలుగు కిలోమీటర్లని ఆయన లెక్క. ట్యాంకు నిండితే ఆరు వందల కిలోమీటర్లు. ట్యాంకు గాక సీటు వెనుక ఇనుప కొక్కేలకు కట్టిన ఇరవై లీటర్ల క్యాను ఒకటి, అంటే మరొక ఎనభై కిలోమీటర్లు. ఆ దారిలో బంకుకు బంకుకు మధ్య ఎనభై కిలోమీటర్లు ఉండవు గదా, క్యాను ఎందుకని నేను చిన్నతనంలో అడిగాను. బంకు ఉండడం వేరు, బంకులో నూనె ఉండడం వేరు, ఉన్న నూనె మంచిదై ఉండడం వేరు అన్నారు. రాత్రి తాళం వేసే బంకులుండేవి. సరుకు లేదని పలక తగిలించిన బంకులుండేవి. కిరసనాయిలు కలిపిన డీజిలు పోసే బంకులుండేవి. అది తాగిన ఇంజను అడవి మధ్యలో దగ్గడం మొదలుపెట్టేది. ఇది ఒక్క డ్రైవర్ల చాడీ కాదు. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో ఇంధనపు కల్తీని పట్టుకొని బంకును మూయించిన ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్ షణ్ముగం హత్యకు గురైన వార్త దేశమంతా చదివింది. అందువలన నమ్మకమున్న బంకు వచ్చేదాక నమ్మకం లేని బంకులను దాటిపోవడానికి క్యాను కావాలి.

రెండవ కారణం కాయలో ఉంది. కోసిన మామిడికాయ చచ్చిన వస్తువు కాదు. అది ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, పీలుస్తూ వేడిని విడుస్తుంది. పది టన్నుల కాయను ఒకచోట పేర్చి పైన పట్టా కప్పితే లోపల పొయ్యి రాజేసినట్లే. మాగడం మొదలుపెట్టిన కాయ విడిచే ఇథిలిన్ వాయువు ప్రక్క కాయను తొందరపెడుతుంది, అది తన ప్రక్కదానిని. లారీ నడుస్తున్నంతసేపు సందులలో నుండి గాలి ఆడుతుంది. ఆగితే గాలి ఆగుతుంది. మే నెల మధ్యాహ్నం నాగపూరు ఎండలో ఆరు గంటలు నిలబడిన లారీలోని కాయకు, నిలబడకుండా వచ్చిన కాయకు తేడా మండీలోని కమీషను వ్యాపారి పట్టా విప్పక ముందే వాసన చూసి చెప్పగలడు. డీజిలు అయిపోవడమంటే మా వారికి ఒక బండి ఆగిపోవడం కాదు. ఒక తోట రైతు సంవత్సరమంతా పడిన కష్టం రోడ్డు ప్రక్కన మాగిపోవడం.

2006 మే నెలలో, ఇంటర్మీడియట్ సెలవులలో, నాన్నగారు నన్ను వెంట తీసికొని వెళ్ళారు. విజయవాడ, హైదరాబాదు, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాటు, ఆదిలాబాదు, పెన్‌గంగ వంతెన, నాగపూరు. ఆనాడు నాగపూరు దాటిన తరువాత దారి పేరు మాటిమాటికి మారేది: లఖనాదౌను దాక 7వ నంబరు, అక్కడి నుండి ఝాన్సీ దాక 26, గ్వాలియరు దాక 75, ఆగ్రా దాక 3, ఆ పైన 2. ఇప్పుడు నాగపూరు నుండి ఢిల్లీ దాక అంతా ఒక్కటే 44వ నంబరు. పెంచ్ అడవిలో జంతువులు క్రింద నుండి దాటడానికి వీలుగా రోడ్డును స్తంభాల మీద లేపి కట్టారు కూడ. మేము వెళ్ళిననాడు ఆ సౌకర్యాలేవీ లేవు. లఖనాదౌను దాటాక రోడ్డు వెడల్పు పనుల కోసం ఎక్కడికక్కడ తవ్వి ఉంది. ప్రక్కదారులలో దుమ్ము, గుంటలు, లారీల బారులు. మొదటి గేరులో నడిచే లారీకి లీటరుకు నాలుగు కిలోమీటర్ల లెక్క పనిచేయదు.

రెండవ రోజు రాత్రి నరసింగ్‌పూర్ వైపున ఒక లారీ నిలిచి ఉంది. వెనుక రాళ్ళు పేర్చి, చెట్టుకొమ్మ అడ్డం వేసి ఉంది. మనిషి టార్చిలైటు ఊపుతున్నాడు. పంజాబు బండి, సర్దార్జీ డ్రైవరు. మా వాళ్ళెవరూ రాత్రిపూట అక్కడ ఆగరు. నాన్నగారు కొంచెం ముందుకు పోనిచ్చి ఆపారు. ఆ బండి ప్రక్కదారులలో నిలబడి నిలబడి ట్యాంకు పూర్తిగా ఎండబెట్టుకొంది.

డీజిలు బండి ఎండిపోవడంలో ఒక చిక్కు ఉన్నదని ఆ రాత్రి తెలిసింది. పెట్రోలు బండిలో ఇంత పోసి తాళం త్రిప్పితే చాల సందర్భాలలో కదులుతుంది. డీజిలు బండి ట్యాంకు పూర్తిగా పీల్చివేస్తే గొట్టాలలోకి గాలి చేరుతుంది. పంపు ఆ గాలిని నొక్కుతూ ఉంటుంది గాని నూనె ముందుకు పోదు. ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే మొదట నురుగు వస్తుంది. నురుగు పోయి బుడగ లేని ధార వచ్చేదాక కొట్టాలి. అప్పుడు మర బిగించి, అవసరమైతే నాజిలు గొట్టాలు కూడ వదులు చేసి గాలి తీయాలి. నాన్నగారు టార్చి పట్టుకొంటే మా క్లీనరు, ఆ సర్దార్జీ వంతులవారీగా పంపు కొట్టారు. అరగంట పట్టింది. క్యానులో నూనె ఉన్నవాడు ట్యాంకు అడుగంటకముందే పోసుకోవాలి గాని ఎండిన తరువాత కాదని నాన్నగారు అప్పుడే నాకు బోధించారు. ఈ నియమం తెలియక దర్జాగా క్యాను కట్టుకొని తిరిగేవారిని తరువాత చాలమందిని చూశాను.

ఇంజను పట్టుకొన్నాక సర్దార్జీ నోట్లు తీసి చాచాడు. నాన్నగారు లెక్క చూసి ఇరవై లీటర్ల ధర తీసికొన్నారు. ఒక్క రూపాయి ఎక్కువ పుచ్చుకోలేదు, ఒక్క రూపాయి తగ్గించలేదు. కథలలో చదివిన ఉపకారులెవరూ ఇట్లా లెక్క చూసి తీసికోరు గనుక నాకు ఇది రుచించలేదు. లారీ కదిలిన తరువాత అడిగాను.

“డబ్బు ఎందుకు తీసుకున్నారు అబ్బా?”

“తీసుకోకపోతే అతను ఇంకొకసారి చెయ్యెత్తి ఎవరినీ ఆపలేడు బేటా. సిగ్గుపడతాడు” అన్నారు.

కొంతదూరం పోయాక నాకు రెండవ సందేహం కలిగింది. ఆ డీజిలు సరుకు యజమాని డబ్బుతో కొన్నది. మా కాయ కోసం కొన్నదానిని ఇంకొకరికి పోయడం న్యాయమా? అప్పుడాయన సీటు వెనుకకు చెయ్యి చూపి, చూడు, ఎన్ని క్యాన్లున్నాయో లెక్కపెట్టమన్నారు. రెండు ఉన్నాయి. ఒకదాని పిడికి తాడు చుట్టి ఉంది. సర్దార్జీకి పోసినది తాడు చుట్టినదే.

ఆ తాడు క్యాను కథ ఇది. 1998 వేసవిలో ఆయన వద్ద ఒకే క్యాను ఉండేది. సాగరు దాటిన తరువాత ఒక రాత్రి, జబ్బుమనిషిని తీసికొనిపోతూ ఆగిపోయిన జీపు కనబడితే క్యాను మొత్తం పోశారు. ముందున్న బంకులో నింపుకోవచ్చునని అనుకొన్నారు. ఆ బంకులో సరుకు లేదు. దాని తరువాతి బంకుకు చేరేలోగా ట్యాంకు అడుగంటింది. పదకొండు గంటలు ఎండలో నిలిచిపోయారు. మండీలో కాయ మెత్తబడిందని ధర తగ్గించారు. ఆ తగ్గిన దానిలో కొంత భాగాన్ని సరుకు యజమాని కిరాయిలో పట్టుకొన్నాడు. ఈ కథను మా ఇంట్లో చెప్పినప్పుడల్లా మా అమ్మ ఆ యజమానిని తిట్టేది. నాన్నగారు మాత్రం ఆయనను ఏనాడూ ఒక్క మాట అనలేదు. “క్యాను అమానత్. ఆయన నమ్మి నా బండిలో పెట్టింది. నాది కానిదానితో నేను దానం చేశాను, ఆయన తన లెక్క తాను చూసుకున్నాడు” అనేవారు. మరి జీపును వదిలి రావలసిందా అని అమ్మ అడిగితే, “వదలి ఎట్లా వస్తాను?” అనేవారు.

ఈ రెండు జవాబులకు పొత్తు కుదరదు. తర్కశాస్త్రం చదివినవారు ఇక్కడ ఒక వ్యాసం వ్రాయగలరు. నాన్నగారు వ్యాసం వ్రాయలేదు. తన బత్తా డబ్బులతో రెండవ క్యాను కొన్నారు. డ్రైవరుకు రోజుకింత అని తిండి ఖర్చులకు ఇచ్చేదే బత్తా. బత్తా, బత్తెం దగ్గరి చుట్టాలని భాషాశాస్త్రం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తన బత్తెంలో కోసుకొని, దారిలో కనబడబోయే ఎవరికో దారిబత్తెం కట్టారు. తాడు చుట్టిన క్యాను ఆయనది, తాడు లేనిది కాయది. ధర తీసికొనడంలోని మర్మం కూడ అప్పుడు బోధపడింది. ధర తీసికొంటేనే ఆ క్యాను మళ్ళీ నిండుతుంది. బత్తా మీద బ్రతికేవాడు ఒక క్యానును నిండుగా ఉంచగలడు గాని రోజుకొక క్యాను పంచిపెట్టలేడు గదా.

ఆ క్యాను విజయవాడ ఆటోనగరులో పాత ఇనుము దుకాణంలో కొన్నది. మిలిటరీ డబ్బా అనేవారు. దానికి మూడు పిడులెందుకో నాకు చాలకాలం తెలియలేదు, ఎం.ఏ. చదివే రోజుల్లో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలకు బదులు యుద్ధచరిత్ర తిరగవేసిన ఒక మధ్యాహ్నం తెలిసింది. 1930ల చివరలో జర్మన్ సైన్యం కోసం తయారైన క్యాను అది. ఇరవై లీటర్లు పడుతుంది. నొక్కి మలచిన రెండు రేకు సగాలను అతికి చేస్తారు. మూడు పిడులు ఉండడం వలన నిండినదానిని ఇద్దరు చెరొక పిడి పట్టుకొని మోయవచ్చు, ఖాళీవైతే ఒక్కొక్క చేతిలో రెండేసి పట్టుకోవచ్చు. ప్రక్కల నొక్కిన గాళ్ళు ఎండకు నూనె వ్యాకోచించినప్పుడు రేకుకు సాగే చోటు ఇస్తాయి. పైన గాలి నిలిచే గూడు ఉన్నందున నిండు క్యాను కూడ నీటిలో తేలుతుంది. మూత మరలు త్రిప్పే పని లేకుండ మీటతో బిగుసుకొంటుంది.

ఆ సమయంలో బ్రిటిషు సైన్యం వాడినవి నాలుగు గ్యాలన్ల పల్చని రేకు డబ్బాలు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో అవి కారి కారి, పెట్రోలులో ఎంతో భాగం ఇసుక పాలైంది. నాలుగు గ్యాలన్ల డబ్బా అంటే మనకు క్రొత్తది కాదు. మన తాతల ఇళ్ళలో కిరసనాయిలు వచ్చినదీ, ఖాళీ అయ్యాక నీళ్ళు మోసినదీ, చింపి పాకకు కప్పినదీ ఆ కొలత డబ్బాయే. జర్మన్ క్యాన్లు చేతికి చిక్కినప్పుడు బ్రిటిషువారు వాటిని వదలలేదు. తరువాత అచ్చంగా అటువంటివే తయారుచేసి, జర్మనులకు తాము పెట్టుకొన్న ఎగతాళి పేరుతోనే జెర్రీ క్యాన్లన్నారు. ఈ క్యాను కథలో మన దేశానికి కూడ చిన్న పాత్ర ఉంది. 1939 వేసవిలో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక జర్మన్ స్నేహితునితో కలిసి బెర్లిన్ నుండి కారులో భారతదేశానికి బయలుదేరాడని, దారిలో నీళ్ళకని ఆ స్నేహితుడు టెంపుల్‌హాఫ్ విమానాశ్రయపు నిలువల నుండి మూడు క్యాన్లు తెచ్చాడని, వాటితో కారు కలకత్తా చేరిందని చెబుతారు. యుద్ధరహస్యం ఒకటి దారిబత్తెంగా మన దేశంలో అడుగుపెట్టిందన్న మాట.

అదే యుద్ధకాలంలో మన బస్సులు పెట్రోలు దొరకక బొగ్గుతో నడిచాయి. వెనుక పెద్ద డ్రమ్ము, దానిలో నిప్పులు, ఆ పొగ నుండి వచ్చే వాయువుతో ఇంజను. బయలుదేరే ముందు క్లీనరు చాలసేపు పంకా త్రిప్పాలి. ఎగువ వస్తే ప్రయాణికులు దిగి తోయాలి. బొగ్గు బస్తాలు పైన వేసికొని బత్తెం మోసికొంటూ పోయిన ఆ బస్సులను చూసినవారు మా తాతల తరంతో దాదాపు వెళ్ళిపోయారు.

ఇక చట్టం మాట. 1934 నాటి పెట్రోలియం చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. అమ్మకానికి కాని పెట్రోలు ముప్పై లీటర్లకు మించకుండ లైసెన్సు లేకనే వెంట ఉంచుకోవచ్చు. లోహపు పాత్ర అయితే ఇరవై అయిదు లీటర్లు, గాజు పాత్ర అయితే ఒక్క లీటరు మించరాదు, మూత గట్టిగా బిగిసి ఉండాలి. డీజిలుకు ఇంతకంటె చాల ఎక్కువ సడలింపు ఉంది. ఈ భేదానికి కారణమున్నది. డీజిలు వేడెక్కితే గాని అంటుకొనే ఆవిరి ఇవ్వదు. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడ ఆవిరి విడుస్తుంది. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు గనుక పైకి పోక నేల మీద ప్రాకుతూ పోయి, దూరాన ఉన్న నిప్పును వెదుక్కొంటుంది. క్యానును బండిలో ఉంచి నింపరాదు, నేల మీద దించి నింపాలి. ధార రాపిడికి పుట్టే విద్యుత్తు నేలలోకి పోవాలి. అంచు దాక నింపరాదు. ఇరవై లీటర్ల పెట్రోలు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు నాలుగు వందల మిల్లీలీటర్లు పొంగుతుంది. దానికి చోటు వదలాలి. మంచినీళ్ళ సీసాలలో పెట్రోలు పోయించుకొని స్కూటరు హాండిలుకు తగిలించుకొనే మన విద్యార్థులు ఈ పేరా రెండుసార్లు చదువవలెనని నా మనవి. నోటితో గొట్టం పీల్చి నూనె తీసే విద్య కూడ వద్దు. ఆ విద్య తెలిసిన మా పాత క్లీనరు ఊపిరితిత్తులలోకి డీజిలు పోయి నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

నాన్నగారు 2010లో స్టీరింగు వదిలారు. 2024 సంక్రాంతి సెలవులలో నేను, నా భార్య, నాన్నగారు చిన్న కారులో జగదల్‌పూరుకు ప్రయాణమయ్యాము. మా విస్సన్నపేట దాటి తిరువూరు చేరితే 30వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. విజయవాడ ప్రక్కన ఇబ్రహీంపట్నంలో ఒక కొన, ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దగ్గర రెండవ కొన. ఇంత పొడుగు రోడ్డు మా తోటల అంచునే పోతున్నదని మాలో చాలమందికి తెలియదు. తిరువూరులో ఆంధ్ర, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం తెలంగాణ, చింతూరు వచ్చేసరికి మళ్ళీ ఆంధ్ర, కోంట దగ్గర ఛత్తీస్‌గఢ్. భద్రాచలం నుండి జగదల్‌పూరు దాక రెండు వందల కిలోమీటర్లకు పైగా దాదాపు అడవే. 2013 మే 25న దర్భ దగ్గర జీరం లోయలో కాంగ్రెసు నాయకుల వాహనాల మీద జరిగిన దాడి ఈ రోడ్డు మీదనే. చాలకాలం చీకటి పడితే అటు బండి పోయేది కాదు.

బయలుదేరే ముందురోజు నాన్నగారు పాత క్యానును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మూతకు క్రొత్త రబ్బరు వేయించారు. డీజిలు వాసన ఇంకా ఉన్నదని, పెట్రోలుకు ఇది పనికిరాదని నేను అన్నాను. చివరకు పది లీటర్ల క్రొత్త ఇనుప క్యాను కొన్నాము. దాని పిడికి ఆయన తాడు చుట్టారు. మరి మనకు మన క్యాను ఏదని అడిగితే, “నీ కారు ట్యాంకు చాలు. ఇది మనది కాదు” అన్నారు.

దారిలో బంకులు మేము అనుకొన్నంత దూరాలలో లేవు. చింతూరు, కోంట, సుక్మా, ఎక్కడికక్కడ ఉన్నాయి. శబరి ఒడ్డున ఆగాము, చిత్రకూట్ దగ్గర ఇంద్రావతి జలపాతం చూశాము, మూడు రోజులు తిరిగాము. క్యాను మూత తీయవలసిన అవసరం కలుగలేదు. అవసరం రానందుకు నేను సంతోషించాను. ఆయన మాత్రం తిరుగు ప్రయాణంలో కోంట దాటినప్పటి నుండి కిటికీలో నుండి రోడ్డు అంచులనే చూస్తూ కూర్చున్నారు.

చింతూరు ఇంకా కొంతదూరం ఉందనగా సాయంసంధ్య వేళ ఒక యువకుడు మోటారు సైకిలు తోసుకొంటూ కనబడ్డాడు. వెనుక అతని భార్య, చేతిలో పిల్లవాడు. నాన్నగారు ఆపమన్నారు, నేను పూర్తిగా ఆపకముందే దిగారు.

“పెట్రోలు అయిపోయిందా బాబూ? మా దగ్గర ఉంది.”

“పెట్రోలు నిండుగా ఉంది తాతా. గొలుసు తెగింది.”

నాన్నగారు క్షణంసేపు ఆ గొలుసు వంక చూసి, తరువాత నా వంక చూసి నవ్వారు. పిల్లవానికి జ్వరం, చింతూరు ఆసుపత్రికి తీసికొనిపోతున్నారు. ఆ తల్లిని, బిడ్డను నా భార్య ప్రక్కన వెనుక సీటులో కూర్చోబెట్టాము. డిక్కీలో క్యాను ఉన్నదని అద్దాలు దించాను. యువకుడు బండి తోసుకొంటూ వస్తానన్నాడు. ఆసుపత్రిలో దింపి అతడు వచ్చేదాక ఉన్నాము. వైద్యుడు చూసి మందులిచ్చాడు, భయం లేదన్నాడు. తిరువూరులో క్యానులోని పెట్రోలును మా ట్యాంకులోనే పోసుకొన్నాము. పెట్రోలు నెలల తరబడి నిలువ ఉంచితే చెడిపోతుంది.

లారీ రోజుల నుండి నాన్నగారి వద్ద ఒక చిన్న లెక్కల పుస్తకం ఉంది. ఆయన చదువు ఉర్దూలో అయిదవ తరగతి దాక. అందువలన తెలుగు మాటలను ఉర్దూ లిపిలో వ్రాస్తారు. మన కళాశాలలో దానిని తడుముకోకుండ చదువగల వారు నలుగురుంటే ఎక్కువ. తాడు క్యానుకు దానిలో వేరే పుటలు ఉన్నాయి. తేదీ, ఊరు, ఇచ్చినవి ఎన్ని లీటర్లు, పుచ్చుకొన్నవి ఎన్ని లీటర్లు. పేర్లు లేవు. పుచ్చుకొన్నవి అని కూడ ఒక గడి ఉండడం చూసి మొదట ఆశ్చర్యపడ్డాను. ఇచ్చిన గడి అంత నిండుగా లేకపోయినా అదీ ఖాళీగా లేదు. హింగన్‌ఘాట్, లలిత్‌పూర్, ధోల్‌పూర్, చంబల్ లోయలలో ఎక్కడో ఊరు పేరు తెలియని చోట, ఎవరెవరో ఆయనకు పోశారు.

జగదల్‌పూరు నుండి వచ్చిన మరునాడు ఆ పుస్తకం బయట పెట్టి ఉంది. పద్నాలుగు సంవత్సరాల తరువాత క్రొత్త వరుస ఒకటి ఉంది. ఊరు: చింతూరు. లీటర్లని ఉన్న గడిలో మొదట సున్న వేసి, కొట్టివేసి, ప్రక్కన ఉర్దూ అక్షరాలలో తెలుగున ‘రెండు సీట్లు’ అని వ్రాశారు.